రక్త క్యాన్సరుకు కణ చికిత్స (నంద్యాల ప్రాంతం)

రక్త క్యాన్సరుకు కణ చికిత్స అనగా రోగి శరీరంలోని రోగనిరోధక కణాలను బయటకు తీసి, వాటి జన్యువులలో మార్పు చేసి, క్యాన్సరు కణాలను గుర్తుపట్టి చంపగల శక్తిని కలిగించి, తిరిగి అదే రోగి రక్తంలోకి ఎక్కించే వైద్య విధానం. ఈ విధానాలలో ప్రధానమైనది కార్ టి-కణ చికిత్స. దీనికి 2017లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, 2023లో భారతదేశంలోను తొలి అనుమతులు లభించాయి. ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని నంద్యాలలో గాని, అదే జిల్లాలోని ఆళ్ళగడ్డలో గాని ఈ చికిత్స చేసే కేంద్రం లేదు. నిజానికి ప్రతి జిల్లాలోనూ ఇటువంటి కేంద్రం ఉండవలసిన అవసరం కూడా లేదు. అయితే ఆ ప్రాంతపు రోగి సకాలంలో అటువంటి కేంద్రానికి చేరగలగాలి, చికిత్స అయిన తరువాత ఇంటి దగ్గర క్షేమంగా ఉండగలగాలి. ఈ రెండూ జిల్లా స్థాయి ప్రభుత్వ వైద్యం మీదనే ఆధారపడి ఉన్నాయి. ఈ వ్యాసం చికిత్స పనిచేసే తీరును, అది ప్రభుత్వ వైద్యంలోకి రావడంలో గల సాధకబాధకాలను ఈ రెండు ఊళ్ళను ఉదాహరణగా తీసుకొని వివరిస్తుంది.

రక్త క్యాన్సర్లు

రక్త కణాలు ఎముకల లోపలి మూలుగలో (అస్థిమజ్జలో) పుడతాయి. అక్కడ తయారయ్యే తెల్ల కణాలు అదుపు తప్పి పెరిగితే దానిని ల్యుకేమియా అంటారు. శోషరస గ్రంథులలో మొదలయ్యే క్యాన్సరు లింఫోమా. ప్రతిరక్షకాలను తయారుచేసే ప్లాస్మా కణాలకు వచ్చేది మైలోమా. ఒక్కొక్క దానిలో మళ్ళీ అనేక రకాలు ఉన్నాయి, వాటి స్వభావాలు, చికిత్సలు వేరు. "బ్లడ్ క్యాన్సర్" అని అందరూ ఒకే మాటగా అనటం వలన ఇవన్నీ ఒకే జబ్బు అనీ, వస్తే బతకరు అనీ ఒక అభిప్రాయం జనంలో స్థిరపడింది. ఇది సరికాదు. పిల్లలలో ఎక్కువగా కనిపించే తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా మామూలు కీమోథెరపీతోనే, పూర్తికాలం సక్రమంగా చేస్తే, ఎక్కువమందిలో నయమవుతుంది. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాను రోజూ వేసుకునే మాత్రతో ఏళ్ళ తరబడి అదుపులో ఉంచవచ్చు.

తగ్గని జ్వరం, పాలిపోవటం, ఆయాసం, చిగుళ్ళ నుండి రక్తం కారటం, చర్మం మీద ఎర్రని చుక్కలు, మెడలోను చంకలలోను గజ్జలలోను నొప్పి లేని బిళ్ళలు కట్టడం, కారణం లేకుండా బరువు తగ్గటం వీటి సాధారణ లక్షణాలు. వీటిలో చాలా లక్షణాలు వేరే జబ్బులలోనూ కనిపిస్తాయి. వానాకాలంలో ప్లేట్‌లెట్లు పడిపోతే మొదట డెంగీ అనుకోవటం సహజం. మలేరియా, టైఫాయిడ్, రక్తహీనత అనుకొని వారాల తరబడి మందులు వాడినవారూ ఉంటారు. మెడ దగ్గరి బిళ్ళలు చాలాసార్లు క్షయగా భావింపబడతాయి. రక్తపు చుక్కను గాజు పలక మీద పరచి సూక్ష్మదర్శిని కింద చూసే పరీక్ష చవకైనది, పాతది. అనుభవమున్న కన్నుకు అనుమానం కలిగించటానికి అది చాలు. రక్తపు లెక్కలు చెప్పే యంత్రం మీద మాత్రమే ఆధారపడి ఈ పరీక్షను వదిలేసినచోట ఆలస్యం జరుగుతుంది.

పూర్వ చరిత్ర

రక్త క్యాన్సరు చికిత్స చరిత్రలో తెలుగువారి పేరు మొదటి పుటలోనే ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధన సారథిగా ఉండగా, అక్కడ ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన పదార్థాలను తయారుచేశారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చాడు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కు తగ్గింది. పిల్లల తీవ్ర ల్యుకేమియా ఒక రసాయనంతో ఇలా తగ్గటం అంతకు ముందు దాదాపు ఎవరూ చూడలేదు. సుబ్బారావు అదే సంవత్సరం ఆగస్టులో మరణించారు. అమినోప్టెరిన్‌కు సోదరి వంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల ల్యుకేమియా చికిత్సలో తప్పనిసరి మందు.

తరువాతి మెట్టు ఎముక మూలుగ మార్పిడి. భారతదేశంలో ఇది మొదటిసారి 1983లో ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల (సీఎంసీ) ఆ దశాబ్దంలోనే దీనిని చేపట్టింది. దాతల కణాలతో చేసే మార్పిడికి సరిపోయే దాత దొరకాలి. దాత కణాలు రోగి శరీరం మీదనే తిరగబడే ప్రమాదం కూడా ఉన్నది.

2001లో వచ్చిన ఇమాటినిబ్ అనే మాత్ర దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా గతిని మార్చివేసింది. దాని మూల సంస్థ అమ్మిన ధరకు నెలకు లక్ష రూపాయలకు పైగా అయ్యేది. హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా వంటి భారతీయ సంస్థలు అదే మందును అందులో పదో వంతు కన్నా తక్కువకు అందించాయి. పేటెంటు గురించి ఏళ్ళపాటు నడిచిన వివాదంలో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు మూల సంస్థ అభ్యర్థనను త్రోసిపుచ్చింది. కణ చికిత్స ధర కూడా ఇలాగే దిగివస్తుందని ఆశించేవారు ఒక తేడా గమనించాలి. మాత్రను ఒకసారి తయారుచేయటం నేర్చుకుంటే లక్షల మందికి అదే మాత్ర సరిపోతుంది. కణ చికిత్సలో ఒక రోగికి తయారైనది మరొక రోగికి పనికిరాదు. ప్రతి రోగికీ తయారీ మళ్ళీ మొదటి నుండి మొదలు, పరీక్షలూ మళ్ళీ మొదటి నుండి.

చికిత్స విధానం

రక్తంలోని టి-కణాలు వైరసు సోకిన కణాలను వెతికి చంపుతాయి. క్యాన్సరు కణాలు శరీరానికి చెందినవే కనుక ఇవి వాటిని తరచుగా పరాయివిగా గుర్తించలేవు. ఈ లోపాన్ని సరిచేయటానికి టి-కణంలో ఒక కృత్రిమ గ్రాహకాన్ని మొలిపిస్తారు. దాని పేరు కైమెరిక్ యాంటిజెన్ రిసెప్టర్, ఆ పేరులోని మొదటి అక్షరాలే "కార్". కైమెరా అనేది గ్రీకు పురాణాలలో సింహం, మేక, పాము కలిసిన మిశ్రమ రూపం. ఆళ్ళగడ్డకు సమీపంలోని అహోబిలంలో నరసింహ రూపాన్ని చూసినవారికి ఈ భావన కొత్తదేమీ కాదు. ఈ గ్రాహకంలో కణం వెలుపల ఉండే భాగం ప్రతిరక్షకం నుండి తీసుకున్నది, అది శత్రువును గుర్తుపడుతుంది. కణం లోపలి భాగం టి-కణానికి చెందినది, అది చంపమని ఆజ్ఞ ఇస్తుంది.

గుర్తుపట్టవలసిన ఆనవాలు బి-కణాల ఉపరితలం మీద ఉండే సీడీ19 అనే ప్రోటీను. బి-కణ ల్యుకేమియాలలోను, అనేక లింఫోమాలలోను ఈ ఆనవాలు ఉంటుంది. ఆరోగ్యవంతమైన బి-కణాల మీద కూడా ఉంటుంది కనుక చికిత్సలో అవి కూడా నశిస్తాయి. బి-కణాలు లేకపోయినా తగిన జాగ్రత్తలతో మనిషి బతకగలడు, అందువలననే ఈ ఆనవాలును ఎంచుకోగలిగారు. మైలోమాకు వేరొక ఆనవాలు (బీసీఎంఏ) మీద పనిచేసే కణాలను వాడతారు.

మొదట రోగి రక్తాన్ని ఒక యంత్రం గుండా కొన్ని గంటలపాటు ప్రవహింపజేసి తెల్ల కణాలను వేరుచేస్తారు, మిగిలిన రక్తం తిరిగి రోగిలోకి పోతుంది. డయాలసిస్ యంత్రం చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. వేరుచేసిన కణాలను ప్రత్యేక ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ, జబ్బు కలిగించే శక్తి తీసివేసిన ఒక వైరసును వాహకంగా వాడి, గ్రాహకపు జన్యువును టి-కణాలలోకి చేరుస్తారు. తరువాత ఆ కణాలను కోట్ల సంఖ్యలో పెంచి, సూక్ష్మజీవులు చేరలేదని నిర్ధారించుకొని, సాధారణంగా అతిశీతల స్థితిలో గడ్డకట్టించి ఆసుపత్రికి తిప్పి పంపుతారు. దీనికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలలో రోగి జబ్బు ముదరకుండా వేరే మందులతో నిలబెట్టాలి. కణాలు ఎక్కించటానికి ముందు కొద్ది రోజులు కీమోథెరపీ ఇచ్చి శరీరంలో ఉన్న పాత తెల్ల కణాలను తగ్గిస్తారు. చివరకు ఎక్కించేది ఒక చిన్న సంచి, పట్టే సమయం కొద్ది నిమిషాలు. ఇంత పెద్ద తతంగానికి పరాకాష్ఠ రక్తం ఎక్కించినంత నిరాడంబరంగా ఉంటుంది.

ఈ వరుసలో సాధారణ పాఠకులు గమనించని విషయం ఒకటి ఉన్నది. మందు తయారీకి ముడిసరుకు రోగి కణాలే. ఎన్నో విడతల కీమోథెరపీ అయిపోయి, కణాలు అలసి, సంఖ్యలో తగ్గిపోయిన తరువాత సేకరిస్తే వాటితో మంచి మందు తయారుకాదు. "అన్నీ అయిపోయాక చివరిగా చూద్దాం" అనే పద్ధతి ఇక్కడ పనిచేయదు.

దుష్ఫలితాలు

ఎక్కించిన కణాలు శత్రువును ఎదుర్కొన్నప్పుడు సైటోకైన్లు అనే పదార్థాలను పెద్ద ఎత్తున విడుదల చేస్తాయి. వీటి వలన తీవ్ర జ్వరం, రక్తపోటు పడిపోవటం, ఊపిరి అందకపోవటం కలుగవచ్చు. 2012లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఈ చికిత్స పొందిన తొలి బాలిక ఎమిలీ వైట్‌హెడ్ ఈ స్థితిలో మృత్యువు అంచుదాకా వెళ్ళింది. కీళ్ళవాతానికి వాడే టోసిలిజుమాబ్ అనే మందు ఇవ్వగా కోలుకున్నది. అప్పటి నుండి ఆ మందు సిద్ధంగా లేకుండా ఈ చికిత్స మొదలుపెట్టరు.

రెండవది నాడీ సంబంధమైనది. తికమక, మాట తడబడటం, కొందరిలో మూర్ఛ వస్తాయి. దీనిని ముందుగా పసిగట్టటానికి రోగిని రోజూ నేడు ఏ నెల, మనం ఏ ఊరిలో ఉన్నాము అని అడుగుతారు. వస్తువుల పేర్లు చెప్పిస్తారు, నూరు నుండి పది పది చొప్పున వెనక్కు లెక్కపెట్టిస్తారు, ఒక వాక్యం రాయిస్తారు. నిన్నటి చేతిరాత ఇవాళ వంకర పోతే వైద్యులు అప్రమత్తమవుతారు. ఇది పూర్తిగా భాష మీద ఆధారపడిన పరీక్ష. తెలుగు తప్ప వేరే భాష రాని ఆళ్ళగడ్డ రైతును ముంబైలో హిందీలోనో ఇంగ్లీషులోనో అడిగితే తడబాటు జబ్బుదా, భాషదా అన్నది తేలదు. రాయటం రాని వారికి వేరే ఏర్పాటు చేయాలి. తెలుగు వచ్చిన నర్సు గాని సహాయకుడు గాని ఉండటం ఇక్కడ సౌకర్యం కాదు, చికిత్సలో భాగం.

తరువాతి నెలలలో రక్త కణాలు తగ్గి ఉండటం, బి-కణాలు లేనందున ప్రతిరక్షకాలు తయారుకాక తరచు అంటువ్యాధులు సోకటం జరుగుతుంది. కొందరికి ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లు అవసరమవుతాయి. అరుదుగా, మార్పుచేసిన టి-కణాల నుండే కొత్త క్యాన్సరు రావచ్చునన్న హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో తప్పనిసరి చేసింది. అదే సంస్థ 2025 జూన్‌లో, అనుభవం పెరిగినందున, చికిత్సాకేంద్రానికి దగ్గరలో ఉండవలసిన కాలాన్ని నాలుగు వారాల నుండి రెండు వారాలకు తగ్గించింది. దూరప్రాంతాల రోగులకు ఇది చిన్న మార్పు కాదు.

భారతదేశంలో

భారతదేశంలో రూపొందిన తొలి కార్ టి-కణ చికిత్స నెక్స్‌కార్19. ఐఐటి బొంబాయిలో ఆచార్య రాహుల్ పుర్వార్ బృందం ప్రయోగశాలలో దీనిని అభివృద్ధి చేయగా, టాటా మెమోరియల్ సెంటర్ వైద్యులు రోగులపై పరీక్షలు నిర్వహించారు. తొలి రోగికి 2021 జూన్ 4న నవీ ముంబైలోని ఆ సంస్థ ప్రాంగణంలో ఎక్కించారు. ఈ పరీక్షలకు కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం నిధులు సమకూర్చింది. 2023 అక్టోబరులో అనుమతి లభించింది. ఐఐటి నుండి పుట్టిన ఇమ్యునోయాక్ట్ సంస్థ దీనిని తయారు చేస్తున్నది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీనిని లాంఛనంగా ప్రారంభించారు. 2025లో లాన్సెట్ హెమటాలజీ పత్రికలో వెలువడిన ఫలితాలలో, మదింపు చేయదగిన రోగులలో 73 శాతం మందిలో జబ్బు స్పందించింది. స్పందించటం వేరు, శాశ్వతంగా నయం కావటం వేరు. కొందరిలో కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టింది, చికిత్స కారణంగా మరణాలు కూడా సంభవించాయి.

అమెరికాలో 2017లో అనుమతి పొందిన తొలి చికిత్స ధర 4,75,000 డాలర్లు. నెక్స్‌కార్19 ధర అందులో సుమారు పదో వంతు, అనగా 30 నుండి 40 లక్షల రూపాయల స్థాయిలో ఉన్నది. బెంగుళూరులోని ఇమ్యునీల్ సంస్థ 2025 జనవరిలో కార్టెమి అనే రెండవ చికిత్సను విడుదల చేసింది. దీని మూలం స్పెయిన్‌లోని బార్సిలోనా నగరపు ప్రభుత్వ ఆసుపత్రి హాస్పిటల్ క్లినిక్. ఔషధ సంస్థ ప్రమేయం లేకుండా తమ ప్రయోగశాలలోనే కణాలను తయారుచేసి, 2021లో స్పెయిన్ ప్రభుత్వ అనుమతి పొంది, మార్కెట్ ధరలో మూడో వంతుకే రోగులకు ఇచ్చిన ఆసుపత్రి అది. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ 2018లోనే ఔషధ సంస్థతో ధర బేరమాడి పిల్లలకు ఉచితంగా అందించటం మొదలుపెట్టింది. ప్రభుత్వ వైద్యంలోకి ఈ చికిత్స రావటానికి ఇవి రెండు దారులు: ఒకటి కొనటం, రెండవది సొంతగా తయారుచేయటం.

రెండవ దారిలో మన దేశపు ప్రయత్నం వెల్లూరులో జరిగింది. సీఎంసీ వైద్యులు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సహకారంతో, ఆసుపత్రిలోనే ఉంచిన ఒక స్వయంచాలక యంత్రంలో సుమారు తొమ్మిది రోజులలో కణాలను తయారుచేశారు. వెల్‌కార్ట్ అనే ఈ పరీక్షలో పాల్గొన్నది 10 మంది మాత్రమే. తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా ఉన్న ఆరుగురిలోనూ జబ్బు కనుమరుగైంది. సంఖ్య చిన్నది కనుక శాతాలు చెప్పి మురిసిపోవటం తొందరపాటు అవుతుంది. కాని తయారీకి కణాలను వేరే నగరానికి పంపి వారాలపాటు ఎదురుచూడవలసిన అవసరం లేదని ఇది చూపింది.

నంద్యాల, ఆళ్ళగడ్డ

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న పూర్వపు కర్నూలు జిల్లా నుండి ఏర్పడింది. ఆళ్ళగడ్డ నంద్యాలకు దక్షిణంగా సుమారు 40 కి.మీ. దూరంలో, 40వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నది. కర్నూలు–కడప కాలువ కింద వ్యవసాయం, రాతి శిల్పాల పని ఇక్కడి ముఖ్య జీవనాధారాలు. ఈ జాతీయ రహదారే కడప, రాయచోటి, పీలేరు, చిత్తూరు మీదుగా వెల్లూరు పక్కనున్న రాణిపేటకు చేరుతుంది. పెద్ద జబ్బు అనగానే రాయలసీమ ప్రజలు వెల్లూరు ప్రయాణం కావటం తరతరాలుగా ఉన్న అలవాటు. అదే దారి చివర ఇప్పుడు కణాల తయారీ కూడా జరగటం యాదృచ్ఛికమే అయినా, ఆళ్ళగడ్డ రోగికి ముంబై కన్నా అర్థమయ్యే దారి అది. ముంబై వెళ్ళవలసి వస్తే, రైలు లేని ఆళ్ళగడ్డ నుండి నంద్యాలకో, ముంబై–చెన్నై మార్గంలోని గుంతకల్లుకో ముందు చేరాలి.

ప్రభుత్వ వైద్యం ఇక్కడ మెట్లుగా ఉన్నది. గ్రామంలో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆళ్ళగడ్డలోని ప్రభుత్వ ఆసుపత్రి, ఆపై నంద్యాల ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో 150 సీట్లతో ప్రారంభమైంది. వైద్య కళాశాల వచ్చిందంటే దానితో రోగనిర్ధారణ శాస్త్రం, రక్తనిధి, సూక్ష్మజీవశాస్త్ర విభాగాలు కూడా రావాలి. రక్త క్యాన్సరు రోగికి కళాశాల వలన కలిగే మొదటి మేలు అదే. కర్నూలు వైద్య కళాశాల 1950ల నాటిది, న్యూయార్కులో ప్రసిద్ధి చెందిన క్యాన్సరు వైద్యుడు నోరి దత్తాత్రేయుడు అక్కడి పూర్వ విద్యార్థి. కర్నూలులో రాష్ట్ర క్యాన్సరు సంస్థ కూడా ఏర్పడింది. రాష్ట్రంలో టాటా మెమోరియల్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి విశాఖపట్నం శివారు అగనంపూడిలో ఉన్నది. టాటా ట్రస్టుల సహకారంతో తిరుపతిలో నిర్మించిన క్యాన్సరు సంస్థ 2022లో ప్రారంభమైంది.

కణ చికిత్సకు ఈ మెట్లలో ఒక్కొక్కదాని పని వేరు. ఆళ్ళగడ్డ స్థాయిలో జరగవలసింది అనుమానించటం: రెండు వారాలకు తగ్గని జ్వరానికి రక్తపు పలక పరీక్ష, అనుమానం ఉంటే అదే వారంలో పై ఆసుపత్రికి పంపటం. నంద్యాల, కర్నూలు స్థాయిలో మూలుగ పరీక్ష చేసి, నమూనాను క్యాన్సరు రకాన్ని తేల్చే పరీక్షలకు పంపి, మొదటి చికిత్సను ఎడతెగకుండా జరిపించాలి. జబ్బు తిరగబెట్టినప్పుడు కణ చికిత్స కేంద్రంతో ఆ రోజే మాట్లాడాలి. చికిత్స అయి తిరిగి వచ్చిన రోగికి అర్ధరాత్రి జ్వరం వస్తే వెళ్ళేది వెల్లూరుకు కాదు, ఆళ్ళగడ్డకో నంద్యాలకో. అక్కడి విధి వైద్యునికి "ఈ రోగిలో బి-కణాలు లేవు, మామూలు జ్వరం కాదు, వెంటనే యాంటీబయాటిక్ ఇవ్వాలి" అని తెలిసి ఉండాలి. రోగి దగ్గర తెలుగులో ఒక పేజీ చీటీ ఉంటే ఈ పని సగం అవుతుంది. ఎక్కించే రక్తం, ప్లేట్‌లెట్లు కూడా స్థానిక రక్తనిధే సమకూర్చాలి. ఇటువంటి రోగులకు రేడియేషన్ సోకించిన రక్తం మాత్రమే వాడవలసిన కాలం ఒకటి ఉంటుంది, ఆ సంగతి కూడా చీటీలో ఉండాలి.

ఖర్చు, ప్రభుత్వ పథకాలు

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2007లో ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ప్రారంభించిన ఆరోగ్యశ్రీ పథకం పేదలకు క్యాన్సరు శస్త్రచికిత్స, రేడియేషన్, కీమోథెరపీలను ప్రైవేటు ఆసుపత్రులలో కూడా ఉచితంగా అందేలా చేసింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారినా పథకం నిలిచింది, ప్రస్తుత పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. 2019లో హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నగరాలలోని ఎంపిక చేసిన ఆసుపత్రులకు విస్తరించింది. కుటుంబానికి ఏడాదికి మొదట 2 లక్షల రూపాయలుగా ఉన్న పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షలకు పెరిగింది. 2018లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పథకంలో పరిమితి 5 లక్షలు. పేద క్యాన్సరు రోగుల కోసం కేంద్ర ఆరోగ్య శాఖ 2009లో ప్రత్యేక నిధిని ఏర్పాటు చేసింది. ముఖ్యమంత్రి సహాయ నిధి వేరుగా ఉన్నది.

40 లక్షల చికిత్సకు 5 లక్షల పరిమితి ఎనిమిదో వంతు, 25 లక్షలు మూడింట రెండు వంతులకు లోపే. పైగా సంచి ధర ఒక్కటే ఖర్చు కాదు. ఆసుపత్రిలో ఉండటం, ఐసీయూ, టోసిలిజుమాబ్, తరువాతి ఇమ్యునోగ్లోబులిన్ వేరు. రోగితోపాటు ఒక మనిషి వారాలపాటు పరాయి ఊరిలో గది అద్దెకు తీసుకొని వంట చేసుకుంటూ ఉండాలి. ఆ మనిషి కౌలు రైతో, కూలికి పోయేవాడో అయితే ఇంట్లో రెండు ఆదాయాలు ఒకేసారి ఆగిపోతాయి. పథకాలు "ప్యాకేజీ" పద్ధతిలో, ఒక శస్త్రచికిత్సకు ఇంత అని ఆసుపత్రికి చెల్లించేలా రూపొందాయి. ఆ చట్రంలో ఈ ఖర్చులకు గడి లేదు. ఆసుపత్రులలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రలు కాగితాలు నడిపించటంలో రోగులకు పెద్ద అండ. వారికి ఈ చికిత్స గురించి, ఏ కేంద్రంలో ఎవరిని సంప్రదించాలన్న దాని గురించి తెలియజేయటం ఖర్చు లేని పని.

పరిమితి పెంచటం ఒక్కటే మార్గం కాదు. ఫలితాన్ని బట్టి చెల్లించే ఒప్పందాలు కొన్ని ఐరోపా దేశాలలో ఉన్నాయి. ఇటలీలో రోగి కొన్ని నెలలు నిలకడగా ఉంటేనే తరువాతి వాయిదా చెల్లిస్తారు. టాటా మెమోరియల్ నాయకత్వాన 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సరు గ్రిడ్ అనేక ఆసుపత్రుల తరఫున కలిపి బేరమాడి క్యాన్సరు మందుల ధరలను బాగా తగ్గించగలిగింది. కణ చికిత్సకు కూడా రాష్ట్రాలు విడివిడిగా కాక కలిసి కొనటం ప్రయోజనకరం. రాయలసీమ రోగుల కణాలను తిరుపతిలోనో కర్నూలులోనో సేకరించి, తయారీ మాత్రం వేరేచోట చేయించటం మరొక ఏర్పాటు. సేకరణ యంత్రాలు రక్తనిధులకు కొత్తవి కావు, ప్లేట్‌లెట్ల సేకరణకు వాడేవి కూడా అదే కోవకు చెందినవి.

ఏది ముందు అన్న వివాదం

ఒకరికి 40 లక్షలు పెట్టే డబ్బుతో ఎందరు పిల్లలకు మొదటి కీమోథెరపీ పూర్తిచేయవచ్చు అని అడిగేవారు ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు మామూలు చికిత్స రెండు సంవత్సరాలకు పైగా సాగుతుంది. మొదటి నెలల తరువాత బిడ్డ బాగా కనిపించటం, పొలం పనులు, దారి ఖర్చులు కలిసి కొన్ని కుటుంబాలు మధ్యలో మానేస్తాయి. అలా మానేసినవారిలోనే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. మందులు ఉచితంగా ఇచ్చినా బస్సు ఛార్జీ, బస, ఆ రోజు కూలి ఎవరూ ఇవ్వనిచోట ఈ నష్టం ఆగదు. కణ చికిత్స అవసరమయ్యేవారి సంఖ్యను తగ్గించటానికి అన్నిటికన్నా చవకైన మార్గం మొదటి చికిత్సను పూర్తి చేయించటం.

అయితే దీనిని ఇదా అదా అన్న ప్రశ్నగా చూడటంలో పొరపాటు ఉన్నది. సక్రమంగా చికిత్స పూర్తిచేసిన వారిలోనూ కొందరికి జబ్బు తిరిగి వస్తుంది. అటువంటి యువకుడికి ఇతర మార్గాలు మూసుకుపోయినప్పుడు, డబ్బున్న ఇంట్లో పుట్టి ఉంటే దొరికే చికిత్స పథకం కార్డు ఉన్నందువలన దొరకకపోవటానికి వైద్యశాస్త్రపరమైన కారణం ఏదీ లేదు. పైగా రెండింటికీ కావలసిన పునాది ఒకటే: ఆళ్ళగడ్డలో రక్తపు పలక చూసే సాంకేతిక నిపుణుడు, నంద్యాలలో నిండుగా ఉన్న రక్తనిధి, అంటువ్యాధిని వెంటనే గుర్తించే వార్డు, రోగి ఏ దశలో ఉన్నాడో రాసి ఉంచే రిజిస్టరు.